గురి: తాత కంటి నుంచి అద్దం గొట్టం దాకా

మొన్న చైత్ర మాసంలో ఇటుకల పండుగకి మా ఊరు వెళ్లాను. దారిలో ఆడవాళ్లు కర్ర అడ్డంపెట్టి పెజ్జోరు అడిగారు, ఇచ్చి ముందుకు వెళ్లాను. ఇంటికి చేరేసరికి మా అక్క కొడుకు అరుగు మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. నన్ను చూడగానే ఫోన్ నా చేతిలో పెట్టాడు. తెరమీద నల్లటి క్రాస్‌బో, దానిమీద చిన్న దుర్భిణి గొట్టం. "మావా, ఈ స్కోప్ పెడితే గురి తప్పదంట. కాఫీ డబ్బులు దాచుకున్నాను, కొనమంటావా?" అన్నాడు.

పక్కనే మా పెద్దాయన, వాడికి తాత, పొయ్యి సెగమీద వెదురు పుల్ల తిప్పుతూ వంకర తీస్తున్నాడు. ఇప్పుడు మా ఊళ్లో బాణం చేయడం తెలిసినవాడు ఆయన ఒక్కడే. తల ఎత్తకుండానే, "ఆ గొట్టానికి దూరం తెలుస్తదా?" అని అడిగాడు. అల్లుడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నా దగ్గరా లేదు.

ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే గురి చరిత్ర మొత్తం కనబడింది. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం తెస్తున్న ఈ సంచికలో దాన్ని మీకు చెప్పాలనిపించింది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కొంచెం ఓపికగా చదవండి.

మన విల్లుకు గురి గుర్తు ఎందుకు లేదు

మన కొండల్లో విల్లు అంటే వెదురు. మధ్య భారతంలోని భిల్లులు, గోండుల దగ్గర చాలాచోట్ల నారి కూడా వెదురు బద్దే. ఆ విల్లు మీద గీత ఉండదు, ముల్లు ఉండదు, అద్దం ఉండదు. మరి గురి ఎక్కడుంది? మనిషిలో ఉంది. నారిని ప్రతిసారీ ఒకే చోటికి లాగే చెయ్యి, ప్రతిసారీ చెంపను ఒకే చోట తాకే వేలు, బాణం మొనకీ లక్ష్యానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో చెప్పే కన్ను. ఈ మూడూ కలిస్తేనే గురి.

ఎడం ఎందుకంటే బాణం తిన్నగా పోదు, వదిలిన క్షణం నుంచే కిందికి దిగుతుంది. చిన్న లెక్క చూడండి. సెకనుకు 150 అడుగుల వేగంతో పోయే బాణం 20 గజాలు దాటడానికి సెకనులో పదికి నాలుగు వంతులు పడుతుంది. ఆ కాస్త సమయంలోనే అది రెండున్నర అడుగులు దిగుతుంది. దూరం రెట్టింపై 40 గజాలైతే దిగేది రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అంటే పదడుగుల పైమాటే. గాలి అడ్డు కలిపితే ఇంకా ఎక్కువ.

మన తాతలు ఈ లెక్క కాగితం మీద వేయలేదు. కానీ వాళ్ల చేతికి తెలుసు. అందుకే దూరం నుంచి వేయకుండా దగ్గరికి వెళ్లేవారు. గాలి ఎటు వీస్తుందో చూసి, ఎండుటాకు చప్పుడు కాకుండా అడుగు వేసి, చెట్టు చాటున నిలబడేవారు. వేటలో సగం గురి కాళ్లలోనే ఉండేది.

రెండువేల ఏళ్ల కిందటి గీతలు

గురికి గుర్తు పెట్టాలన్న ఆలోచన ఈ కాలానిదేమీ కాదు. క్రాస్‌బో అంటే అడ్డంగా బిగించిన విల్లు. నారిని లాగి కొక్కేనికి తగిలించి, మీట నొక్కితే బాణం వెళ్తుంది. చైనాలో దీనికి చాలా పాత చరిత్ర ఉంది. 1974లో షియాన్ దగ్గర బయటపడిన మట్టి సైనికుల గుంతల్లో కంచు మీటలు దొరికాయి.

అక్కడి హెబెయ్ ప్రాంతంలో మాన్‌చెంగ్ అనే చోట 1968లో ఒక రాకుమారుడి సమాధి తవ్వారు. ఆయన పేరు ల్యూ షెంగ్, క్రీస్తుపూర్వం 113లో చనిపోయాడు. పచ్చ రాతి పలకలు కుట్టిన దుస్తుల్లో ఆయన్ను పాతిపెట్టారని లోకమంతా చెప్పుకుంది. మనకు కావలసింది ఆ దుస్తులు కాదు. అదే సమాధిలో దొరికిన క్రాస్‌బో మీట మీద నిలువుగా లేచిన కంచు ముక్క ఒకటి ఉంది. దానిమీద కొలబద్ద మీద ఉన్నట్టు గీతలున్నాయి. దగ్గరి లక్ష్యానికి ఒక గీత, దూరానికి ఇంకో గీత. ఆ గీతనీ బాణం మొననీ లక్ష్యంతో కలిపి చూస్తే క్రాస్‌బో ముందు భాగం దానంతటదే తగినంత పైకి లేస్తుంది.

తర్వాత 11వ శతాబ్దంలో షెన్ కువో అనే పండితుడు, తవ్వకంలో దొరికిన ఇలాంటి పాత మీటనే చూశాడు. ఆ గీతలు త్రిభుజం లెక్కతో ఎత్తు కొలిచే పద్ధతిలా పనిచేస్తాయని రాసి పెట్టాడు. ఇవాళ్టి స్కోప్‌లో కనిపించే అడ్డగీతల పని కూడా అచ్చం ఇదే.

క్రాస్‌బో రాజుల దగ్గరే ఉండిపోలేదు. యునాన్, మయన్మార్ కొండల్లో బతికే లిసు ఆదివాసులు చెక్కతో చేసిన క్రాస్‌బోతో తరతరాలుగా వేటాడారు. మన దేశంలో అరుణాచల్‌లో కూడా లిసు జనం ఉన్నారు. వాళ్ల సంప్రదాయ క్రాస్‌బోకి గీతలు లేవు, అద్దం లేదు. మన తాతల మాదిరే వాళ్ల గురి కూడా కన్నూ చెయ్యీ. చైనాలో అల్పసంఖ్యాక జాతుల సంప్రదాయ క్రీడల్లో ఇప్పుడు క్రాస్‌బో ఒక పోటీ. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరపడుతుంది.

విల్లు హద్దు తెలిసినవాళ్లు

మన పోరాటాల బొమ్మల్లో విల్లు ఎప్పుడూ ఉంటుంది. ఆ బొమ్మ చూసి గర్వపడతాం, అది న్యాయమే. కానీ విల్లు పట్టిన మనవాళ్లు దాని హద్దు కూడా ఎరిగినవాళ్లు.

1900 జనవరి 9న సైల్ రకబ్ కొండమీద బిర్సా ముండా అనుచరులు విల్లులు, గొడ్డళ్లతో తెల్లవాళ్ల తుపాకులకు ఎదురు నిలిచారు. ధైర్యానికి కొదవ లేదు. కానీ బాణం చేరలేని దూరం నుంచి తూటా వచ్చింది.

మన మన్యంలో 1882 మద్రాసు అటవీ చట్టం పోడును కట్టడి చేసింది. గూడెం కొండల్లో రోడ్ల పనికి బలవంతపు చాకిరీ చేయించారు. ఆ కడుపుమంటలోంచి 1922లో అల్లూరి సీతారామరాజు, గాము గంటందొర, గాము మల్లుదొర నడిపిన తిరుగుబాటు పుట్టింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరసగా దాడి చేశారు. ఆ ఠాణాల్లో వాళ్లు తీసుకున్నవి తుపాకులు, మందుగుండు. విల్లు చేతిలో ఉండగా తుపాకీ ఎందుకు? విల్లు ఎంత దూరం పనిచేస్తుందో వాళ్లకి బాగా తెలుసు గనక. పనిముట్టు మీద ప్రేమ వేరు, పనిముట్టు మీద భ్రమ వేరు. మన పెద్దలకు మొదటిదే ఉండేది.

అద్దం వచ్చింది

19వ శతాబ్దం మధ్యలో అమెరికాలో తుపాకుల మీద పొడవాటి దుర్భిణి గొట్టాలు బిగించారు. 1861–65 నాటి అంతర్యుద్ధంలో గురికాళ్లు వాటిని వాడారు. విల్లు సంగతికొస్తే, మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ కప్పీలతో లాగే కాంపౌండ్ విల్లు చేసి 1969లో పేటెంటు పొందాడు. అదే కప్పీల పద్ధతి క్రాస్‌బోకీ వచ్చింది. వేగం సెకనుకు 300, 400 అడుగులకు చేరింది. దానికి తగ్గట్టు దుర్భిణి కూడా వచ్చి చేరింది. అక్కడ వేటకు లైసెన్సు, రుతువు, లెక్క అన్నీ ఉంటాయి. ఆ దేశపు వేటగాళ్ల కోసం తయారైన సరుకు అది.

అల్లుడు అడిగాడు కాబట్టి స్కోప్‌ని ఎలా ఎంచుతారో, ఎలా గురి కుదురుస్తారో కూడా చెబుతాను. తెలియని వస్తువు మీదే మోజు ఎక్కువ.

మొదటిది, ఎక్కువ పెద్దదిగా చూపించేదే మంచిదనుకోవడం పొరపాటు. క్రాస్‌బో దూరం 50 గజాల లోపు. బొమ్మ మరీ పెద్దదైతే చూపు ఇరుకవుతుంది, చెయ్యి వణుకు కూడా పెద్దదిగా కనిపిస్తుంది. రెండోది వెలుగు. ముందు అద్దం వెడల్పును పెద్దచేసే అంకెతో భాగించాలి. 32 మిల్లీమీటర్ల అద్దం, 4 రెట్లు అయితే 8 మిల్లీమీటర్లు వస్తుంది. మసకవెలుగులో మన కంటిపాప విచ్చుకునేది 7 మిల్లీమీటర్ల దాకానే. కాబట్టి అది చాలు. మూడోది లోపలి గీతలు. తుపాకీ స్కోప్ గీతలు తూటా వేగానికి కుదిరినవి, బాణానికి పనికిరావు. క్రాస్‌బో స్కోప్‌లో ఒకదాని కింద ఒకటి 20, 30, 40, 50 గజాల గీతలుంటాయి. బాణం వేగానికి తగ్గట్టు వాటి ఎడాన్ని సరిచేసే చక్రం కొన్నిటికి ఉంటుంది.

గురి కుదర్చడం 20 గజాల దగ్గర మొదలుపెడతారు. ఇసుక సంచి మీద ఆనించి, పై గీతతో మూడు బాణాలు వేస్తారు. ఒక్క బాణం చూసి స్కోప్ తిప్పకూడదు, మూడూ పడిన చోటు నడిమధ్యను చూసి తిప్పాలి. ఒక క్లిక్‌కి 100 గజాల దగ్గర పావు అంగుళం జరిగితే, 20 గజాల దగ్గర జరిగేది అంగుళంలో ఇరవయ్యో వంతు. రెండు అంగుళాలు జరపాలంటే 40 క్లిక్కులు. తర్వాత 40 గజాలకు వెళ్లి ఆ గీతతో వేసి చూడాలి. బాణం పైన పడితే వేగం చక్రాన్ని పెంచాలి, కింద పడితే తగ్గించాలి. బాణం లేకుండా మీట నొక్కితే విల్లు విరిగి మనిషికే దెబ్బ తగులుతుంది. నారి వెళ్లే దారిలో వేలు పెడితే వేలు పోతుంది.

ఇప్పుడు తాత ప్రశ్నకి వద్దాం. స్కోప్‌లో గీతలున్నాయి గానీ, లక్ష్యం ఏ గీత దూరంలో ఉందో ఆ గీతలకు తెలియదు. సెకనుకు 300 అడుగుల బాణంతో, 40 గజాల దూరాన్ని 30 అనుకుని వేస్తే దాదాపు 8 అంగుళాలు కింద తగులుతుంది. జానెడు తేడా! దూరం చెప్పాల్సింది మళ్లీ మనిషి కన్నే. రెండువేల ఏళ్ల కిందటి కంచు గీతలకీ అదే లోటు, ఇప్పటి అద్దానికీ అదే లోటు.

అడవిలోకా, మైదానంలోకా?

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు పోడు భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కు గుర్తించింది. కానీ సంప్రదాయ వేట హక్కును మాత్రం అందులో పేరుపెట్టి మరీ మినహాయించింది. ఇందులో న్యాయం ఎంత అని పెద్దలు వాదిస్తారు, వాదించనివ్వండి. కానీ చేతిలో స్కోప్ బిగించిన క్రాస్‌బోతో అడవిలో దొరికిన కుర్రాడిని ఆ వాదన కాపాడదు. కేసు, కోర్టు, వాయిదాలు. చదువూ ఉద్యోగమూ రెండూ పోతాయి. అదీగాక, తాతల కాలపు అడవి ఇప్పుడు లేదు, అప్పటి జంతువులూ లేవు. దగ్గరికి వెళ్లి వేసిన వేటలో జంతువుకీ తప్పించుకునే వీలుండేది.

మరి ఈ గురి ఎక్కడికి పోవాలి? రాజస్థాన్ ఉదయపూర్ జిల్లాలో ఒక ఆదివాసీ కుర్రాడు వెదురు విల్లుతో పెరిగాడు. 1987లో క్రీడాధికారులు అతని గురి చూసి శిక్షణకు తీసుకెళ్లారు. మరుసటి ఏడాదే ఒలింపిక్స్‌లో నిలబడ్డాడు. అతనే లింబారామ్. మూడు ఒలింపిక్స్ ఆడాడు, 1991లో అర్జున అవార్డు, 2012లో పద్మశ్రీ అందుకున్నాడు.

మన దేశంలో ఇండియన్ రౌండ్ అనే పోటీ ఉంది. 50, 30 మీటర్ల దూరాలు, వెదురు విల్లు, గురి గుర్తు ఏదీ ఉండదు. మన తాతల గురికి అచ్చంగా సరిపోయే పోటీ అది. అక్కడినుంచి 70 మీటర్ల రికర్వ్ ఉంది, దానికి గురి ముల్లు ఉంటుంది గానీ పెద్దచేసే అద్దం ఉండదు. అద్దం మీదే మనసుంటే కాంపౌండ్ విల్లు ఉంది. అందులో స్కోప్ అనుమతే. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఆ విల్లుతోనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ కూడా చేరింది. వేటలో పుట్టిన గురిని లిసు జనం ఆటగా నిలబెట్టుకున్నారు. మనమూ నిలబెట్టుకోగలం.

ఆ సాయంత్రం ఒక సొరకాయని గట్టు మీద పెట్టి అల్లుడి చేతికి తాత విల్లు ఇచ్చాడు. మొదటి బాణం కాయకి ముందే నేలమీద గుచ్చుకుంది. "ఎన్ని అడుగులుంది?" అని అడిగాడు తాత. "ముప్ఫై" అన్నాడు వాడు. "నడిచి చూడు." నడిచి వచ్చి, "నలభై ఆరు" అన్నాడు. తాత నవ్వలేదు, కోప్పడలేదు. "రోజూ దారిలో చెట్టు చూసి అడుగులు చెప్పు, తర్వాత నడువు. బాణం తర్వాత నేర్పుతాను" అన్నాడు.

కాఫీ డబ్బులు ఇంకా అలాగే ఉన్నాయి. వాడు ఇప్పుడు ఇండియన్ రౌండ్ విల్లు ధర కనుక్కుంటున్నాడు. చూసిన చెట్టుకల్లా దూరం చెబుతున్నాడు.

మీ ఊళ్లో కూడా బాణం వంకర తీసే తాత ఒకరు మిగిలి ఉంటారు. ఈ సెలవుల్లో ఆయన పక్కన కూర్చోండి. ఏ వెదురు, ఏ నెలలో కొట్టాలి, ఏ పక్షి ఈక, ఎంత సెగ అన్నీ అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ ఫోన్‌కి అంతకంటే మంచి పని లేదు.

జోహార్!