విజయ్ దేవరకొండ

సినిమా, రంగస్థల నటుడు. కుటుంబానిది నాగర్‌కర్నూల్ జిల్లా తుమ్మన్‌పేట. తండ్రి ఒకప్పుడు టీవీ సీరియళ్ల దర్శకుడు. హైదరాబాద్‌లో నాటకాలాడి, 2011లో 'నువ్విలా'తో తెరపైకి వచ్చారు. 'అర్జున్ రెడ్డి' (2017) కోపిష్ఠి ప్రేమికుడే ఆయన ముద్ర అన్న మాట బలంగా స్థిరపడింది కానీ, అది సగం నిజమే. అంతకు ముందే 'పెళ్ళిచూపులు' (2016)లో వంట మీద మక్కువున్న, గురి లేని యువకుడిగా ఒదిగిపోయారు. ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది.

2018లో 'మహానటి' ఫొటోగ్రాఫర్, 'గీత గోవిందం' బెరుకు అధ్యాపకుడు గోవింద్ వరుసగా వచ్చారు. తర్వాతి చిత్రాల్లో ఆవేశమే మళ్లీ కనిపించిందనేవారి అభ్యంతరం న్యాయమైనదే. 'లైగర్' (2022) పరాజయం దానికి బలమిచ్చింది. అయితే ఆ పునరావృత్తి పాత్రల ఎంపికది, నటనది కాదు. మాటను తగ్గించి, తడబాటుతోనే నవ్వించిన గోవింద్ పాత్ర ఆయన నట పరిధికి గట్టి సాక్ష్యం.