నారింజ బజారు చేరిన దారి

పండు చెట్టున పండుట వేరు. వేయి మైళ్ల దూరమున నున్న వాని చేతికి చెడకుండ చేరుట వేరు. చేరిన పిదప దాని వెల తిరిగి తోటవాని ఇంటికి వచ్చుట మరియొక ఎత్తు. ఈ మూడింటి నడుమ ఎంత శ్రమ, ఎంత నేర్పు, ఎంత పెనుగులాట ఉన్నదో తెలిసికొనుటకు అమెరికాలోని కాలిఫోర్నియా నారింజ చరిత్ర చక్కని ఉదాహరణము.

నిమ్మజాతి చెట్లకు పుట్టినిల్లు ఆసియాయే. హిమాలయముల దిగువ ప్రాంతములనుండి చైనా, ఆగ్నేయాసియాల వరకు వ్యాపించిన నేలలో ఇవి పుట్టినవి. పండుతోపాటు పేరు కూడ ప్రయాణము చేసెను. సంస్కృతములోని ‘నారంగ’ శబ్దము పారసీక, అరబ్బీ భాషల మీదుగా స్పెయిన్ చేరి ‘నరాంహా’ అయ్యెను. మన ‘నారింజ’ దానికి దగ్గరి చుట్టమే. స్పెయిన్ వారు ఈ చెట్టును అమెరికా ఖండమునకు కొనిపోయిరి. కాలిఫోర్నియాలో శాన్ గాబ్రియేల్ క్రైస్తవ మఠమువారు 1804 ప్రాంతమున తోట వేసిరి. 1841లో విలియం వుల్ఫ్‌స్కిల్ అను నతడు లాస్ ఏంజెలెస్‌లో అమ్మకము కొరకే నారింజ తోటను నాటెను.

అయితే ఆ ప్రాంతపు దశను మార్చినది వేరొక రకము. బ్రెజిల్ దేశపు బాహియానుండి 1870లో వాషింగ్టన్ నగరమునకు కొన్ని మొక్కలు వచ్చినవి. వాని పండ్ల అడుగున బొడ్డు వంటి గురుతు ఉండును, గింజ ఉండదు. వ్యవసాయ శాఖలోని విలియం సాండర్స్ వానిని పెంచి, 1873లో రివర్‌సైడ్ నివాసిని ఎలైజా టిబెట్స్‌కు పంపెను. గింజ లేని పండునకు విత్తనపు సంతతి ఉండదు గదా! ఒక చెట్టు కన్ను తీసి మరియొక మొక్క కాండమున అంటు కట్టవలసినదే. ఆ విధముగా ఆమె పెరటి చెట్ల కన్నులనుండియే ఆ సీమలోని వేలాది ఎకరముల తోటలు ఏర్పడినవి. ఆ మూలవృక్షములలో నొకటి నేటికిని రివర్‌సైడ్‌లో సజీవముగా ఉన్నది.

తోటలు పెరిగినంతలో ఆపద వచ్చినది. ఆస్ట్రేలియానుండి చేరిన తెల్లని పొలుసు పురుగు చెట్ల రసమును పీల్చివేసెను. మందులు పనిచేయలేదు. కొందరు తోటలను నరికివేసిరి. అప్పుడు ఆల్బర్ట్ కోబెలె అను శాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియాకే పోయి, ఆ పురుగును తిని బ్రతుకు అక్షింతల పురుగు జాతిని కనుగొని 1888లో పంపెను. ఒకటి రెండు ఏండ్లలో తోటలు తేరుకొనెను. శత్రువునకు శత్రువును తెచ్చి పంటను కాపాడు పద్ధతికి లోకమున ఇది పేరుపొందిన తొలి విజయము.

ఇక బజారు సంగతి. 1877లో వుల్ఫ్‌స్కిల్ కుమారుడు ఒక రైలు పెట్టెనిండ నారింజలను సెయింట్ లూయిస్‌కు పంపగా, అవి చేరుటకు ఇంచుమించు నెల పట్టెను. తరువాత రైలు మార్గములు పెరిగినవి, మంచుగడ్డలు నింపిన పెట్టెలు వచ్చినవి. అయినను తోటవాని కష్టము తీరలేదు. సరకును దళారి చేతిలో పెట్టి, ఏ ధర వచ్చునో తెలియక ఎదురుచూడవలెను. 1890 తరువాతి ఏండ్లలో కొందరు రైతులకు డబ్బునకు బదులు, రైలు కిరాయియు దళారి రుసుమును పోగా ఇంకను మీరే బాకీ అను లెక్కల చీటీలు వచ్చినవి. పంట పండించిన నేరమునకు జుల్మానా వంటిది ఇది!

ఆ బాధనుండియే సహకార సంఘము పుట్టినది. ఊరూర చిన్న సంఘములుగా కూడిన రైతులు 1893లో దక్షిణ కాలిఫోర్నియా పండ్ల సమాఖ్యను స్థాపించిరి. ఏ ఊరికి ఎన్ని పెట్టెలు పోవలెనో వారే నిర్ణయించిరి. పండ్లు దారిలో కుళ్లుటకు కారణమేమని హారొల్డ్ పవెల్ అను ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు పరిశోధించగా, దోషము రైలుది మాత్రమే కాదని తేలెను. కోయునప్పుడు కత్తెర మొన గ్రుచ్చుకొన్నను, గోరు గీచుకొన్నను ఆ గాటులో బూజు ప్రవేశించును. చేతికి తొడుగులు, మొన మొద్దుగానున్న కత్తెరలు, మెల్లగా దింపుట — ఇంత చిన్న జాగ్రత్తలతో గొప్ప నష్టము తగ్గెను.

1907లో అయోవా రాష్ట్రములో పెద్దయెత్తున ప్రకటనలు చేసి, 1908లో ‘సన్‌కిస్ట్’ అను పేరును వాడుకలోనికి తెచ్చిరి. 1916 ప్రాంతమున పండును త్రాగుడని ప్రచారము చేసిరి. ఒక గ్లాసెడు రసమునకు అనేక పండ్లు కావలెను గనుక అమ్మకము పెరిగెను. బజారునకు పనికిరాని నిమ్మకాయలనుండి నిమ్మ ఉప్పు, తొక్క నూనె, పెక్టిన్ తీయుటకు 1915లో కరోనా పట్టణమున కర్మాగారము వెలసెను. పారవేయునది కూడ ఆదాయమైనది.

కాని ఈ కథలో మరియొక పుట కలదు. తోట యజమానులు సంఘముగా కూడిరే గాని, కాయలు కోసిన చైనీయులు, జపానీయులు, మెక్సికనులు ఆ సంఘమున చేరలేదు. 1936లో ఆరెంజ్ కౌంటీలో ఇంచుమించు 2,500 మంది కూలీలు సమ్మె చేయగా, దానిని బలప్రయోగముతో అణచిరి. దళారి చేతిలో తాము పడిన బాధను మరువని రైతులు, తమ కూలీల బాధను గుర్తింపలేకపోయిరి. ఆ కౌంటీ తోటలలో అధిక భాగము రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఇండ్ల స్థలములుగా మారినవి.

అనంతపురము చీనీకి, నల్లగొండ బత్తాయికి, గూడూరు నిమ్మకు పేరు మోసిన తెలుగునేలకు ఈ చరిత్ర పరాయిది కాదు. మంచి అంటు, పురుగుపై జాగ్రత్త, కోతలో మెలకువ, అమ్మకములో ఐక్యత — ఈ నాలుగును ఆ రైతులు ఒకటొకటిగా నేర్చుకొనిరి. కోసిన చేతికి కూడ తగిన పాలు దక్కవలెననునది అయిదవ పాఠము. పండు తీపి ఇంటింటికి చేరినంత తేలికగా అది చేరలేదు.