బందరు గ్రహణం నుంచి చంద్రుని మీది బండి వరకు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయవలసిందిగా కార్యవర్గం వారు కోరారు. డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను 26 కిలోల బరువు గల ఒక చిన్న బండి చరిత్ర వ్రాయదలచాను. దాని పేరు ప్రజ్ఞాన్. 2023 ఆగస్టులో అది చంద్రుని మీద నడిచింది. ఈ చరిత్రను నేను బెంగుళూరు నుంచి గాక మన బందరు నుంచే మొదలుపెడుతున్నాను. కారణం చదువరులకు ముందుముందు తెలుస్తుంది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీదకు ఉప్పెన వచ్చింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. ఆ దెబ్బ నుంచి ఊరు ఇంకా తేరుకోకముందే, నాలుగేళ్ళు పూర్తిగా నిండకుండానే, 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. గ్రహణపు నీడ మన ప్రాంతం మీదుగా పోతుందని ముందే లెక్కకట్టి, మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ తన పరికరాలతో బందరు వచ్చారు. ఆయన సహాయకులు చింతామణి రఘునాథాచారి గారు నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళారు. ఫ్రాన్సు దేశస్థుడు జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు.

వారు తెచ్చుకున్న పరికరాలలో ముఖ్యమైనది స్పెక్ట్రోస్కోపు. కాంతిని గీతలుగా విడదీసి, ఆ కాంతి ఏ పదార్థం నుంచి వచ్చిందో చెప్పే సాధనమది. సూర్యుని అంచున లేచే జ్వాలలలో ఒక పసుపుపచ్చ గీత కనిపించింది. బందరులో పోగ్సన్ కూడా దానిని చూశారు. భూమి మీద అప్పటికి తెలిసిన ఏ పదార్థానికీ అది సరిపోలేదు. చివరకు దానికి హీలియం అని పేరు పెట్టారు. 1895లో రామ్సే అనే శాస్త్రవేత్త దానిని భూమి మీద పట్టుకునే వరకు అది సూర్యునిలోనే ఉన్న పదార్థమని అనుకున్నారు. ఉప్పెనలో మునిగిన ఊరిలో నిలబడి సూర్యునిలో ఏమున్నదో చదవగలిగారన్నమాట. ఈ సంగతి మన పిల్లల పాఠాలలో ఇంకా పెద్ద అక్షరాలతో ఉండవలసింది.

ఇక బండి సంగతి. చక్రాల బండిని చంద్రుని మీద మొదట నడిపినది సోవియట్ వారు. 1970 నవంబరులో దిగిన లునఖోద్‌కు ఎనిమిది చక్రాలు. అది పది కిలోమీటర్లకు పైగా తిరిగింది. ఆ రోజులలో తెలుగులో వచ్చే 'సోవియట్ భూమి' పత్రికలో ఇటువంటి బొమ్మలు చూసి ఆనందించిన తరం మనది. నునుపైన కాగితం కనుక పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడానికి కూడా అది బాగా పనికివచ్చేది.

మన బండి ఫైలు 2007 నవంబరులో మొదలైంది. భారత, రష్యా అంతరిక్ష సంస్థల మధ్య ఒప్పందం కుదిరింది. చంద్రునిపై దిగే ల్యాండరును రష్యా ఇవ్వాలి. 2008 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం చంద్రయాన్-2ను ఆమోదించింది. నేను పదవీ విరమణ చేసింది కూడా ఆ సంవత్సరమే. ఫైళ్ళతో ముప్ఫై అయిదేళ్ళు గడిపినవాడిని కనుక, ఈ ఫైలు ఎప్పటికి తెమిలేనో చూద్దామనే కుతూహలంతో పత్రికలలో వచ్చిన ప్రతి ముక్కా కత్తిరించి దాచుకోవడం మొదలుపెట్టాను. 2011లో కుజగ్రహ దిశగా రష్యా పంపిన నౌక విఫలమైంది. దాని తరువాత వారు చంద్రయాన్ నుంచి తప్పుకున్నారు. 2013లో వెళ్ళవలసిన యాత్ర ఆగిపోయింది. ఫైలు ఒక టేబులు మీద ఆగితే మనం రిమైండరు వ్రాసేవాళ్ళం. ఇస్రో వారు మాత్రం ల్యాండరును కూడా తామే చేయడానికి పూనుకున్నారు.

బండి నిర్మాణంలో చిక్కులు మన డెల్టా వారికి బాగా అర్థమయ్యేవే. వానాకాలంలో దివిసీమ రేగడిలో చక్రం దిగబడితే ఎడ్లకు తెలుస్తుంది, బండివాడికి తెలుస్తుంది. చంద్రుని మీద తోసేవాడు లేడు. అందుకని ఆరు చక్రాలు పెట్టి, ఒక్కొక్క చక్రానికి ఒక్కొక్క మోటారు అమర్చారు. ఒక చక్రం రాయెక్కినా మిగిలినవి నేలను వదలకుండా ఇరువైపులా కదిలే చట్రాలు కూర్చారు. పరీక్షించడానికి చంద్రుని మట్టి వంటి మట్టి కావాలి. తమిళనాడులో నామక్కల్ జిల్లా సిత్తంపూండి వద్ద అనార్థొసైట్ అనే రాయి ఉంది. దానిని టన్నుల కొద్దీ తెచ్చి, పొడిచేసి పరిచారు. చంద్రునిపై వస్తువుల బరువు భూమి మీద కంటె ఆరవ వంతే. ఆ తేలికదనం తెప్పించడానికి బండికి బెలూను కట్టి పైకి లాగించారు. ఆ బెలూనులో నింపినది హీలియమే. బందరులో, గుంటూరులో సూర్యుని అంచున గీతగా కనిపించిన ఆ పదార్థమే!

ఇతర దేశాలలో ఇటువంటి బండి తయారవుతుంటే జనం పెళ్ళివారి పందిరి వేస్తున్నట్లు చూస్తారు. కుజునిపైకి పంపిన క్యూరియాసిటీని కాలిఫోర్నియాలో కూర్చుతున్నప్పుడు, 2010లో ఆ గదిలో కెమెరా పెట్టి ప్రపంచానికి చూపించారు. తెల్ల ముసుగుల మనుషులు ఒక మర బిగిస్తుంటే లక్షలాది మంది రోజుల తరబడి చూశారు. తరువాతి బండి పెర్సీవరెన్స్‌పై కోటి తొమ్మిది లక్షల పేర్లు చిప్పులలో చెక్కి పంపారు. అక్కడ చదువుకుంటున్న మా మనవడు నా పేరు కూడా పంపించాడు. సర్వీసు రిజిస్టరులోను, రేషను కార్డులోను తప్ప మరెక్కడా లేని ఈ పేరు 2021 ఫిబ్రవరి 18 నుంచి కుజునిపై ఉన్నది. మనకు అటువంటి కెమెరా లేదు. మనం పత్రికలు, టీవీ వార్తలతోనే సరిపెట్టుకున్నాం.

మా కూడికలో అందరూ నాతో ఏకీభవించలేదు. నాగాయలంక వైపు నుంచి వచ్చే సభ్యులొకరు, 1977 నవంబరు 19 ఉప్పెనలో తల్లిని, ఇద్దరు తమ్ముళ్ళను పోగొట్టుకున్నవారు, ఒకనాడు నా కత్తిరింపులు చూసి ఇలా అన్నారు: "చంద్రుడి మీద మట్టి చూసి మనకేమొస్తుందండీ? ఆ రోజు మా ఊరి మీదకు వచ్చే నీళ్ళను చూసి చెప్పినవాడు లేకపోయాడు." నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆనాడు నేను అవనిగడ్డలో చిరు గుమస్తాను. ఊరివారీగా మృతుల జాబితాలు వ్రాసిన చేయి ఇది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఒక్కొక్క ఇంటి పేరు క్రింద వరుసగా నాలుగు, అయిదు పేర్లు వ్రాసిన వానికి ఆ ప్రశ్న తేలికైనది కాదు.

2019 జూలై 22న చంద్రయాన్-2 శ్రీహరికోట నుంచి లేచింది. అంతకుముందు జూలై 15 తెల్లవారుజామున గంటలోపు వ్యవధి ఉండగా లోపం కనిపెట్టి ఆపివేశారు. సెప్టెంబరు 7 తెల్లవారుజామున ల్యాండరు చంద్రునికి రెండు కిలోమీటర్ల ఎత్తున ఉండగా సంకేతాలు ఆగిపోయాయి. పదేళ్ళు చేసిన బండి ఒక్క అంగుళం నడవకుండానే పోయింది. నాలుగేళ్ళలో మళ్ళీ చేశారు. సుమారు 615 కోట్ల ఖర్చుతో చంద్రయాన్-3 2023 జూలై 14న బయలుదేరింది. ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు దిగింది. గుడివాడ మిత్రులు కూడా బందరు వచ్చి మాతోపాటు టీవీ ముందు కూర్చున్నారు. నాగాయలంక సభ్యులు ఆనాడు మధ్యాహ్నమే వచ్చి ముందు వరుసలో కుర్చీ వేసుకున్నారు. ప్రశ్న వేసినవారు కదా అని ఎవ్వరం ఎత్తిపొడవలేదు.

ప్రజ్ఞాన్ సెకనుకు ఒక సెంటీమీటరు నడిచింది. పది రోజులలో నూరు మీటర్లు దాటింది. ఎదురుగా మూడు మీటర్ల దూరంలో గొయ్యి కనిపిస్తే దారి మార్చుకుంది. అది లేజరు కిరణంతో మట్టిని మండించి, ఆ వెలుగును గీతలుగా విడదీసి చదివింది. గంధకం ఉన్నదని చెప్పింది. 1868లో పోగ్సన్ బందరులో చేసిన పని కూడా ఇదే, కాంతి గీతలను చదవడం. మరొక పరికరం, అహమ్మదాబాదులో తయారైనది, 23 చోట్ల మట్టిని పరీక్షించింది. ఆ ఫలితాలు 2024 ఆగస్టులో 'నేచర్' పత్రికలో వచ్చాయి. అక్కడి నేల ముఖ్యంగా అనార్థొసైట్ జాతిదేనట. తొలి రోజులలో చంద్రుని పైభాగమంతా కరిగిన రాతి సముద్రమన్న సిద్ధాంతానికి ఇది బలమిచ్చింది. సెప్టెంబరు మొదటి వారంలో అక్కడ చీకటి పడగా బండిని నిద్రపుచ్చారు. అది మళ్ళీ లేవలేదు.

ఇక ఆ సభ్యుల ప్రశ్నకు నాకు తోచిన జవాబు. ప్రజ్ఞాన్ వల్ల ఒక్క తుపాను ఆగదు. అది నిజం, దాచనక్కరలేదు. కాని 1990 మే 9న బందరు మీదకు అంతటి తుపాను వచ్చినప్పుడు, ఇన్సాట్ చిత్రాలు, బందరు రాడారు దానిని ముందు నుంచే కనిపెట్టి ఉన్నాయి. లక్షల మందిని ఖాళీ చేయించారు. అయినా తొమ్మిది వందలకు పైగా పోయారు. 1864లో 30 వేలు, 1977లో పదివేలు, 1990లో తొమ్మిది వందలు. ఈ మూడంకెలను ఒకదాని క్రింద ఒకటి వ్రాసి చూడండి. ఆకాశం నుంచి మనల్ని కనిపెట్టి చూసే విద్య నేర్చినవారు, చంద్రుని మీద బండి నడిపినవారు ఒకే బడి వారు. చంద్రుని కోసం చేతులు కుదురుకుంటే, ఆ చేతులే రేపు మన తీరానికి అక్కరకొస్తాయి. ఇది చెబితే ఆయన కొంచెంసేపు ఊరుకుని, "అమ్మ ఉన్నప్పుడే నేర్చి ఉంటే బాగుండేది" అన్నారు. దానికి జవాబు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండదు.

ఆగస్టు 23ను ఇప్పుడు జాతీయ అంతరిక్ష దినంగా జరుపుతున్నారు. ఆగస్టు 18 మన బందరు గ్రహణం రోజు. ఈ రెండింటి మధ్య అయిదు రోజుల వ్యవధి ఉన్నది. ఆ వారంలో మన సంఘ భవనంలో ఒక సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టి ఈ రెండు కథలూ చెప్పాలని, ఉప్పెన చూసినవారు ఆ కథ కూడా చెప్పాలని కార్యవర్గం వారికి నా మనవి. నా కత్తిరింపుల కట్ట ఆనాటికి భవనంలో అప్పగించగలను.