నేల చేసిన నేరమేమిటి?

బెంగుళూరు నుంచి మద్రాసుకు నేరుగా రైల్లో పోయేవాళ్ళు జోలార్పేట దాటక తప్పదు. 1864లో బెంగుళూరు దండు దాకా పట్టాలు పడ్డప్పటి నుంచీ ఇదే దారి. 1898 ఆగస్టులో హుబ్లీ వైపు నుంచి వచ్చిన రైలుతో ప్లేగు బెంగుళూరులో దిగింది. దాని తరువాతి మజిలీ ఎటో తెలుసుకోవడానికి పంచాంగం చూడనక్కరలేకపోయింది.

అప్పట్లో జోలార్పేట ఉన్న తిరుపత్తూరు తాలూకా సేలం జిల్లాలోది. వేలూరు, గుడియాత్తం ఉత్తర ఆర్కాడువి. ఆ జిల్లా కలెక్టరు కచేరీ 1911 దాకా చిత్తూరులోనే ఉండేది. అంటే గుడియాత్తం వాళ్ళు అర్జీ పెట్టుకోవాలంటే చిత్తూరు పోవలసిందే. ఈ సంగతి మన పిల్లలకు చెబితే వింతగా చూస్తారు.

మద్రాసు ప్రభుత్వం రైలు ప్రయాణికులను ఆపి పరీక్షించే ఏర్పాటు చేసింది. ప్లేగు ఉన్న ఊరినుంచి వచ్చినవాడికి ఒక చీటీ చేతికిచ్చేవారు. దానికి పాస్‌పోర్టు అని పేరు. చేరిన ఊళ్ళో పదిరోజులపాటు అధికారికి ముఖం చూపించాలి. సముద్రం దాటని మనిషికి కూడా పాస్‌పోర్టు దొరికిన కాలమది! మనుషుల సంగతి అలా ఉండగా, ఇళ్ళ సంగతి మరీ ఘోరం. జబ్బు మనిషి పడుకున్న ఇంటి నేలే ముద్దాయి అయింది.

ఈ అనుమానానికి కారణం లేకపోలేదు. 1894లో హాంకాంగులో యెర్సిన్ ప్లేగు క్రిమిని కనిపెట్టాడు. క్రిమి తెలిసింది గాని అది ఒంట్లోకి ఎలా జొరబడుతుందో తెలియలేదు. మనవాళ్ళు చెప్పుల్లేకుండా నడుస్తారు, నేలమీద పడుకుంటారు. ప్లేగు గడ్డ చాలామందికి గజ్జల్లో లేస్తుంది. కాబట్టి క్రిమి నేలలో ఉండి అరికాలి పగుళ్ళగుండా ఎక్కుతోందని డాక్టర్లు తర్కించారు. పైగా ఆ నేల పేడతో అలికినది. దొర కళ్ళకు అంతకన్నా రుజువేం కావాలి?

1896లో బొంబాయిలో మొదలైన ఈ యుద్ధంలో రసకర్పూరం కలిపిన నీళ్ళే ఆయుధం. వెయ్యి పాళ్ళ నీటికి ఒక పాలు రసకర్పూరం, దానికి కాస్త ఆమ్లం చేర్చి, గోడలమీదా నేలమీదా పిచికారీలతో కొట్టేవారు. మట్టినేలలు తవ్వి పోసేవారు, పైకప్పు పెంకులు ఊడదీసేవారు, పక్కబట్టలు తగలబెట్టేవారు. 1897లో వచ్చిన అంటురోగాల చట్టం ఇందుకు అధికారమిచ్చింది. ఆ ఏడే జూన్ 22న పూనాలో ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారంటే, ఇళ్ళలో చొరబడ్డ ఆ తీరుపైన జనం ఎంత మండిపడి ఉన్నారో ఊహించవచ్చు. గుడియాత్తం వంటి నేతఊళ్ళ మాట ఆలోచించండి. గుంటమగ్గం ఉన్న ఇంట్లో నేలంటే కాళ్ళు పెట్టే చోటు మాత్రమే కాదు, పనిముట్టులో సగం. అలాంటి ఇంట్లో నేల తవ్వడమంటే బతుకుతెరువును తవ్వడమే.

1898లోనే కరాచీలో సైమండ్ అనే ఫ్రెంచి డాక్టరు, ఎలుక మీది గోమారి ద్వారా ప్లేగు వస్తోందని పసిగట్టాడు. పెద్దలు నవ్వి ఊరుకున్నారు. 1905లో ఏర్పడిన ప్లేగు పరిశోధక సంఘం బొంబాయి పరేలులో చిన్నచిన్న కొట్లు కట్టి, ఆ ప్రశ్నను నేల దగ్గరనుంచే మొదలుపెట్టింది. పేడ అలికిన నేలమీద ప్లేగు క్రిములను కావాలని దట్టంగా పోశారు. 48 గంటలు దాటితే ఆ నేలకు జబ్బు అంటించే శక్తి లేదు. సున్నపు గచ్చు మీదైతే 24 గంటల్లోపే పోయింది. పంజరంలో పెట్టిన గినీపందులను నేలకు రెండంగుళాల ఎత్తున వేలాడదీస్తే జబ్బుపడ్డాయి, రెండడుగుల ఎత్తున వేలాడదీస్తే బతికాయి. గోమారి అంత ఎత్తు ఎగరలేదు గదా! రసకర్పూరంతో కడిగిన ఇళ్ళల్లో వదిలిన గినీపందులకు కూడా ప్లేగు వచ్చింది. క్రిమిని చంపే మందు గోమారిని చంపలేదు.

ఇది చదివి మన పేడే క్రిమిసంహారి అని మురిసిపోయే పెద్దలున్నారు. వాళ్ళకు ఒక మాట. పేడ క్రిమిని చంపిందని సంఘం అనలేదు, నేలమీద క్రిమి ఎక్కువసేపు బతకదని మాత్రమే అన్నది. అదే పేడను పసికందు బొడ్డుకు పూస్తే ధనుర్వాతం వస్తుంది. మరి నేల కడగడం వృథాయా అంటే, అదీ కాదు. ఆసుపత్రి నేలమీద రక్తం, వాంతి, విరేచనం పడ్డచోట శుద్ధి తప్పనిసరి. అయితే ముందు మురికి తీసి సబ్బునీళ్ళతో కడిగి, ఆపైన బ్లీచింగు నీళ్ళు వాడాలి. మురికి ఉంటే మందు దానిమీదే ఖర్చయిపోతుంది. ఆనాటి రసకర్పూరానికీ పేడ నేలమీద ఇదే గతి పట్టింది.

2020లో కరోనా వచ్చినప్పుడు మళ్ళీ నేలనే పట్టుకున్నాం. వీధులకు హైపోక్లోరైటు, గుమ్మాలకు ఫినాయిలు. ఏప్రిల్ మొదట్లో తిరుప్పూరులో మనుషులమీదే మందు చల్లే సొరంగం ఒకటి పెట్టారు. ఆ నెలలోనే అది వద్దని ప్రభుత్వాలు చెప్పాయి. వీధుల్లో మందు కొట్టడం వల్ల ఉపయోగం లేదని మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. జబ్బు ముఖ్యంగా గాలిలో ఉందని ఒప్పుకునేసరికి మరో ఏడు గడిచింది.

ఈ కథలో నాకు మింగుడుపడనిది వేరొకటుంది. పిచికారీ ఎవరి చేతిలో ఉంది? తమిళనాట పారిశుధ్యపు పనిలో ఉన్న అరుంధతీయులలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. మద్రాసు కార్పొరేషన్‌లో తరాలుగా చీపురు పట్టిన ఆది ఆంధ్రులదీ తెలుగే. మన సభల్లో నాయక రాజులనూ, త్యాగయ్యనూ తలుచుకుంటాం. మన భాషవాళ్ళ లెక్క చెప్పేటప్పుడు వీళ్ళనూ కలుపుకుని లక్షలు చెబుతాం. వేదికమీద కుర్చీ వేసేటప్పుడు మాత్రం ఆ లెక్క మరిచిపోతాం. 2009లో తమిళనాడు ప్రభుత్వం అరుంధతీయులకు 3 శాతం ఉపకోటా ఇచ్చినప్పుడు, అది మన వార్త అని మనలో ఎంతమందికి తోచింది?

రసకర్పూరం నీళ్ళను ఇనప బాల్చీలో పోయకూడదు, లోహాన్ని తినేస్తాయి. కొయ్యతొట్టిలోనో మట్టికుండలోనో ఉంచాలి. ఆ తొట్టిలో రోజంతా చేతులు ముంచినవాళ్ళ పేర్లు ఏ నివేదికలోనూ నాకు కనబడలేదు.