సమీకరణం తప్పినచోట: గౌజె సూక్ష్మజీవి ప్రయోగాలు - పరిశీలన

ఉపోద్ఘాతం

ఒకే వనరుపై ఆధారపడిన రెండు జాతులు ఒకేచోట చిరకాలం కలిసి మనలేవనే నియమం రష్యన్ శాస్త్రవేత్త గియోర్గీ గౌజె పేరుతో ప్రసిద్ధం. గణితాన్ని ప్రయోగంతో ధ్రువీకరించిన వ్యక్తిగా ఆయనను స్మరించడం పరిపాటి. అయితే 1934లో వెలువడిన ఆయన గ్రంథం 'ది స్ట్రగుల్ ఫర్ ఎగ్జిస్టెన్స్'లో సమీకరణం విఫలమైన ప్రయోగాలూ ఉన్నాయి. సూక్ష్మజీవి సముదాయాల గణిత నమూనాల చరిత్రలో ఆ వైఫల్యానికి గల స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపలవేట తగ్గింది. అప్పుడు ఇతర చేపలను తినే చేపల నిష్పత్తి పెరిగినట్లు జంతుశాస్త్రజ్ఞుడు ఉంబెర్తో దాంకోనా గుర్తించారు. దీనిని వివరించడానికి ఇటలీ గణితవేత్త వీతో వోల్తెర్రా 1926లో సమీకరణాలు రూపొందించారు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ లోట్కా 1925లోనే స్వతంత్రంగా ఇటువంటి సమీకరణాలను ప్రచురించి ఉన్నారు. వీటి ప్రకారం భక్షక, భక్ష్య జీవుల సంఖ్యలు ఒకదాని వెంట ఒకటి పెరుగుతూ తరుగుతూ నిరంతరం ఆవర్తనం చెందాలి.

ప్రయోగం

సముద్రంలో పరీక్షించలేని ఈ సిద్ధాంతాన్ని మాస్కోలో గౌజె పరీక్షనాళికలోకి తెచ్చారు. పారమీషియం భక్ష్యం, దానిని మింగే డిడీనియం భక్షకం. ఫలితం సమీకరణానికి విరుద్ధంగా వచ్చింది. డిడీనియం పారమీషియాలన్నింటినీ తినివేసి, ఆపై తానూ ఆకలితో నశించింది. ఆవర్తనం కనిపించలేదు.

గౌజె పరిస్థితులను మార్చి చూశారు. నాళిక అడుగున మడ్డి ఉంచినప్పుడు కొన్ని పారమీషియాలు అందులో దాగి బతికాయి. డిడీనియం మాత్రం అంతరించింది. నిర్ణీత వ్యవధుల్లో రెండు జాతుల జీవులనూ బయటినుండి చేర్చినప్పుడు మాత్రమే హెచ్చుతగ్గులు కొనసాగాయి.

విశ్లేషణ

సమీకరణంలో చోటులేని రెండు అంశాలను ఈ ప్రయోగాలు బయటపెట్టాయి: దాగుకొనే తావు, వలస. నాళికలోని జీవులన్నీ ఎల్లవేళలా ఒకదానికొకటి సమానంగా తారసపడతాయని సమీకరణం భావించింది. ఆ భావన ఎక్కడ చెల్లదో తెలిపింది వైఫల్యమే.

ముగింపు

నేడు మానవుని పేగులలోని బాక్టీరియా సముదాయాలను వివరించడానికి లోట్కా-వోల్తెర్రా సమీకరణాల విస్తృతరూపాలను వాడుతున్నారు. అక్కడ కూడా నమూనా ఫలితం వాస్తవంతో సరిపోలనప్పుడు దానిని లోపంగా మాత్రమే ఎంచరాదు. నమూనా దేనిని విస్మరించిందో వెదకడానికి అదే ఆధారమని గౌజె ప్రయోగాలు నిరూపిస్తున్నాయి.