పింజరా లేని బాగ్

బాసీ ఈద్ నాడు హైదరాబాద్ ముస్లిం ఖాందాన్లు ఎక్కడుంటాయంటే ఎవరైనా చెప్తారు, జూపార్క్‌లో అని. టిఫిన్ డబ్బాల్లో మిగిలిన బిర్యానీ, కొత్త జోడాలు కరిచి కుంటుతున్న పిల్లలు, చెట్టు కింద దస్తర్‌ఖాన్ పరిచే దాదీమాలు. మేమూ అంతే. మీర్ ఆలం చెరువు పక్కన 1963లో తెరిచిన ఆ నెహ్రూ జూకి మా అబ్బా నన్ను తీసుకెళ్లేవారు, ఇప్పుడు నేను నా పిల్లల్ని తీసుకెళ్తున్నా.

ఈసారి షేర్ ముందు నిలబడి మా చిన్న బేటీ అడిగింది. "అబ్బూ, బీచ్‌లో జాలీ లేదు కదా, షేర్ కూద్‌కే ఆతా నై?"

"మధ్యలో ఖందక్ ఉంది బేటా" అన్నాను. "ఎవరు తవ్వమన్నారు?" అంది వెంటనే. ఆ సవాల్‌కి జవాబు వెతుక్కుంటూ పోతే జర్మనీలోని హాంబర్గ్ దాకా పోవాల్సొచ్చింది.

హాంబర్గ్‌లో హాగెన్‌బెక్ అనే చేపల వ్యాపారి ఉండేవాడు. 1848లో అతని కోసం చేపలు పట్టే జాలర్ల వలల్లో ఆరు సీల్ జానవర్లు పడ్డాయి. అతను వాటిని పారేయలేదు. చెక్క తొట్లలో వేసి, పైసలు తీసుకుని జనానికి చూపించాడు. ఆ చేపల దుకాణం మెల్లగా జానవర్ల తిజారత్‌గా మారింది. 1866లో కొడుకు కార్ల్ హాగెన్‌బెక్ చేతికొచ్చాక అది యూరప్‌లోకెల్లా పెద్ద కారోబార్ అయింది. జూలకు, సర్కస్‌లకు, బాద్‌షాల బాగ్‌లకు ఏనుగులు, జిరాఫీలు, షేర్లు అక్కడి నుంచే వెళ్లేవి.

ఆ మాల్ ఎక్కువగా ఎక్కడ్నుంచి? సుడాన్ నుంచి. పెద్ద ఏనుగు దొరకదు, దొరికినా మోయలేరు. అందుకని తల్లిని చంపి పిల్లను పట్టుకునేవాళ్లు. ఆ పిల్లల్ని రేగిస్తాన్ దాటించి, సముద్రం దాటించి తెచ్చేవాళ్లు. దారిలో చచ్చినవి చావగా మిగిలినవే హాంబర్గ్ చేరేవి. 1881లో సుడాన్‌లో మహ్దీ బగావత్ లేచాక ఆ రాస్తా మూతపడింది.

కార్ల్ దిమాగ్‌లో ఒక ఖయాల్ ఉండేది. సలాఖల వెనక కూర్చున్న షేర్‌ని చూస్తే జనానికి మజా రాదు. అడవిలో ఉన్నట్టు చూపించాలి. ఏ జానవర్ ఎంత దూరం దూకుతుందో, ఎంత ఎత్తు ఎగురుతుందో పరీక్షించి చూశాడు. దాన్నిబట్టి ఖందక్ వెడల్పు లెక్కగట్టాడు. 1896లో ఈ తరీఖాకి పేటెంట్ తీసుకున్నాడు. 1907లో హాంబర్గ్ బయట స్టెలింగెన్ అనే పల్లెలో తన బాగ్ తెరిచాడు. ముందు నీళ్లలో పక్షులు, వెనక మైదానంలో మేసే జానవర్లు, వాటి వెనక షేర్లు, ఆపైన పహాడ్ మీద కొండమేకలు. పహాడ్‌లు కూడా మనిషి కట్టినవే, ఊర్స్ ఎగెన్‌ష్వీలర్ అనే స్విస్ శిల్పి చేసినవి. మధ్యలో ఖందక్‌లు చూసేవాడి కంటికి ఆనవు. అన్నీ ఒకే అడవిలో కలిసి తిరుగుతున్నట్టే ఉంటుంది.

ప్రపంచంలో చాలా జూలు ఆ నక్షాని నకలు కొట్టాయి. మన బహదూర్‌పురా జూలో ఖందక్‌ది కూడా ఆ ఖాందానే. స్టెలింగెన్ బాగ్ 1943 బాంబుల్లో ధ్వంసమైంది, మళ్లీ లేచింది. తర్వాత కూడా అది ఆ ఖాందాన్ చేతుల్లోనే ఉంది. పిల్లలు ఏనుగుల తొండాలకు తమ చేతులతోనే దానా అందించేవారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది అచ్ఛీ కహానీ. కానీ తవారీఖ్ ఇక్కడ ఆగదు.

ఇదే కార్ల్ 1874లో రెయిన్‌డీర్‌లతో పాటు వాటిని కాసే సామీ జనాన్ని కూడా పిలిపించి తమాషాగా నిలబెట్టాడు. టికెట్లు బాగా తెగాయి. 1876లో తూర్పు సుడాన్ నుంచి 'న్యూబియన్ల'ని తెచ్చాడు, మనలాగే కల్మా చదివే ఖబీలాలవాళ్లు. తర్వాత సిలోన్ నుంచి ఏనుగులతో పాటు సింహళ జనాన్ని. జానవర్‌కీ టికెట్టే, ఇన్సాన్‌కీ టికెట్టే.

1880లో ఇప్పటి కెనడా తూర్పు తీరాన ఉన్న లాబ్రడార్ నుంచి ఎనిమిది మంది ఇన్యూట్‌లు వచ్చారు. వాళ్లలో అబ్రహామ్ అనే మనిషి చదువుకున్నవాడు, వయొలిన్ వాయించేవాడు. ఖర్జ్ తీర్చుకోవడానికి బీబీని, ఇద్దరు చిన్న బేటీలని తీసుకుని ఓడెక్కాడు. వాళ్లకి మశూచి టీకా సమయానికి వేయించలేదు. 1881 జనవరి గడిచేలోపే ఎనిమిది మందీ ఇంతెఖాల్ అయ్యారు. అబ్రహామ్ తన జుబాన్‌లో డైరీ రాసుకున్నాడు. అసలుది పోయింది, జర్మన్ తర్జుమా మిగిలింది. చూసేవాళ్ల గురించి, చూడబడినవాడే రాసిన మాట అది. ఈ మౌత్‌ల తర్వాత కార్ల్ ఈ దందా మానేద్దామనుకున్నాడు. కానీ అదే 1881లో దక్షిణ అమెరికా కొస నుంచి మళ్లీ మనుషుల్ని తెచ్చారు. స్టెలింగెన్ బాగ్ తెరిచాక కూడా ఆ తమాషా ఏళ్లకేళ్లు సాగింది.

అంటే, షేర్ ముందు నుంచి సలాఖలు తీసేసిన చేతులే ఇన్సాన్ ముందు కంచె కట్టాయి. జానవర్ మీద రహమ్ చూపించడానికే అతను పింజరా తీశాడనుకుంటే తప్పు. చూసేవాడి కంటికి ఇంపుగా ఉండాలని తీశాడు. దానివల్ల జానవర్‌కి కాస్త గాలి, కాస్త నేల దొరికిన మాట కూడా సచ్చే. రెండూ ఒకే మనిషి చేసినవే. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాస్తే అది తవారీఖ్ కాదు, ఇష్తెహార్.

సుడాన్ మనిషి ఆ కంచె లోపల నిలబడి, బయట నవ్వుతున్న పిల్లల్ని చూసి ఏమనుకున్నాడో ఎవరూ రాసిపెట్టలేదు. మన గురించి కూడా ఎవరో దూరం నుంచి చూసి, "వీళ్లు ఇలా ఉంటారు, ఇలా తింటారు" అని చెప్పే రోజులివి. అందుకే ఆ మనిషి నాకు గైర్ అనిపించడు.

బేటీకి ఇదంతా చెప్పలేదు, ఇంకా చిన్నది. ఖందక్ తవ్వించినవాడి పేరు మాత్రం చెప్పాను. అది కాసేపు ఆలోచించి, "మరి షేర్‌కి ఖందక్ కనిపిస్తుందా?" అంది.

కనిపిస్తుంది బేటా. కనిపించనిది మనకే.