ఎవరిని అడగాలి? వినికిడి పరీక్షలో కుటుంబంతో సంభాషణ: ఒక చారిత్రక పరిశీలన

బిడ్డకు ఏ మేరకు వినబడుతుందో యంత్రం చెబుతుంది. ఎప్పటి నుంచి వినబడటం లేదు, కారణం ఏమై ఉంటుంది అనే ప్రశ్నలకు జవాబులు చాలావరకు కుటుంబం దగ్గరే దొరుకుతాయి. ఆ జవాబులు మనం ఎవరిని, ఏ మాటలతో అడిగామన్న దానిని బట్టి మారతాయి. ఈ విషయాన్ని చరిత్ర ఆధారంగా తెలుసుకుందాం.

జనాభా లెక్కల్లో ప్రశ్న

బ్రిటిష్ ఇండియాలో 1872 నుంచి 1931 వరకు జరిగిన జనాభా లెక్కల్లో అంధులతో పాటు చెవిటి-మూగవారిని కూడా లెక్కించారు. చిట్యాల అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. ఆ రాజ్యంలో తొలి జనాభా లెక్కలు 1881లో జరిగాయి. దేశవ్యాప్తంగా 1941లో వైకల్యాల ప్రశ్నను తొలగించారు. 1981లో తిరిగి చేర్చినప్పుడు మూగవారిని లెక్కించారు గాని వినికిడి గురించి అడగలేదు. 2001లో మాటను, వినికిడిని వేర్వేరుగా నమోదు చేశారు.

ఈ లెక్కల్లో సాధారణంగా ఇంటి పెద్దే జవాబు చెప్పేవారు. పెండ్లి కావలసిన ఆడపిల్ల లోపాన్ని కుటుంబాలు దాచేవని నాటి అధికారులే గుర్తించారు. కాబట్టి ఆ అంకెలు వైకల్యంతో పాటు కుటుంబ గౌరవం గురించిన భయాన్ని కూడా తెలియజేస్తాయి.

పరీక్షా కేంద్రంలో ప్రశ్న

1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది. 1983లో బొంబాయిలో జాతీయ వినికిడి వికలాంగుల సంస్థ ఏర్పడింది. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు దానికి పెట్టారు. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. ఇటువంటి సంస్థలతో 'కేస్ హిస్టరీ' తీసుకునే పద్ధతి మన ప్రాంతానికి అందింది. ఆ పద్ధతి ఎక్కువగా పాశ్చాత్య దేశాల్లో రూపొందింది. అక్కడ తల్లి, తండ్రి, పిల్లలే కుటుంబం.

చిట్యాల ఉదాహరణ

చిట్యాల మండలం నుంచి రెండేండ్ల బాబును నాయనమ్మ, తల్లి పరీక్షకు తీసుకువచ్చారనుకుందాం. "పుట్టగానే ఏడ్చాడా? పసిరికలు అయినయా?" అని అడిగితే నాయనమ్మ "ఏం కాలేదు" అంటుంది. అయితే తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. ఆ సంగతులు బాగా తెలిసింది అమ్మమ్మకు. పుట్టిన తొలి రోజుల్లో తీవ్రమైన కామెర్లు వినికిడిని దెబ్బతీయగలవు. అమ్మమ్మను అడగకపోతే ఆ కారణం నమోదు కాదు.

"వాళ్ల నాయనకు గూడ మాటలు ఆలస్యంగనే వచ్చినయి" అనే మాట కూడా తరచుగా వినిపిస్తుంది. దీనిని మూఢనమ్మకమని కొట్టివేయరాదు. తండ్రికి ఇప్పుడు ఎట్లా వినబడుతుందని అడగాలి. అందులో వంశపారంపర్య సమాచారం ఉండవచ్చు.

అన్నిటికన్నా సున్నితమైనది మేనరికం ప్రశ్న. దగ్గరి చుట్టాల మధ్య పెండ్లిండ్ల వల్ల పుట్టుకతో వచ్చే కొన్ని రకాల చెవిటితనం అవకాశం పెరుగుతుంది. అయినా ఈ పెండ్లిండ్లు మన ప్రాంతంలో ఆచారం. ఆచారం అనుమతించిన చోట 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి వరుసల పెండ్లిని ఒప్పుకుంది. "మేనరికం చేసుకున్నారా?" అని అత్త ఎదుట అడిగితే కోడలికి అది నిందలా వినబడుతుంది. "పెండ్లికి ముందు నుంచే మీరు చుట్టాలా? ఏ వరుస?" అని అడిగితే జవాబు తేలికగా వస్తుంది. ఇటువంటి చెవిటితనంలో సాధారణంగా జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. తల్లి ఒక్కతే కారణం కాదని అక్కడే చెప్పడం కూడా పరీక్షకుల బాధ్యత. ఆ మాట వినని తల్లి రెండోసారి బిడ్డను తీసుకురాకపోవచ్చు. మాటలు నేర్చే తొలి ఏండ్లు తిరిగి రావు.

సారాంశం

నాటి జనాభా లెక్కలు ఇంటి పెద్దను అడిగాయి. నేటి పరీక్షా కేంద్రం తల్లిని, అమ్మమ్మను, నాయనమ్మను, అవసరమైతే విడివిడిగా, వారి మాటల్లోనే అడగాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 1981, 2001 జనాభా లెక్కల్లో వినికిడిని నమోదు చేసిన తీరును పోల్చండి.
2. మీ ఊరిలో ఒక బిడ్డ పుట్టుక వివరాలు ఎవరికి బాగా తెలుస్తాయి? కారణాలతో రాయండి.